ఫార్మాట్ కొట్టినా పరిగెత్తని ల్యాప్‌టాప్

ఫార్మాట్ మీద ఈ కాలమిస్టుకున్న కక్ష పాత పాఠకులకు కొత్త కాదు. సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిస్తే రెగ్యులేటర్ మార్చి, వైరింగ్ మార్చి, చివరికి ఫ్యానే మార్చేసి, పైన కప్పులో దాక్కున్న రెండున్నర మైక్రోఫారడ్ కండెన్సర్ వైపు కన్నెత్తి చూడని ఇళ్ల గురించి ఆయన రాసినప్పుడు మొదలైన ఉత్తరాలు ఇంకా ఆగలేదు. కంప్యూటర్ల లోకంలో ఫార్మాట్ కూడా అదే బాపతు అని ఆయన వాదన. ఏమైందో చూడరు. చూడకుండానే అంతా తుడిచేస్తారు.

ఈ వారం ఆ కక్షకు ఆజ్యం పోసింది మేనకోడలి ఫోన్.

కూకట్‌పల్లి హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుకుంటున్న ఆ పిల్ల ల్యాప్‌టాప్ 2018 నాటిది. అన్న వాడి వదిలేస్తే తన చేతికొచ్చింది. “మామయ్యా, హాస్టల్ పక్క షాపులో ఫార్మాట్ కొట్టించాను. విండోస్ లెవెన్ వేశారు, డ్రైవర్లన్నీ ఎక్కించారు, ఐదొందలు తీసుకున్నారు. అయినా స్లోనే” అంది.

“అసలెందుకు కొట్టించావే?”

“స్లోగా ఉందని.”

ఆ జవాబు వినగానే కాలమిస్టు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఫోన్ అవతల ఉన్న పిల్లకు ఉపన్యాసం తప్పదని అర్థమైపోయింది.

న్యాయంగా చెప్పాలంటే, ఈ మధ్య విండోస్ మళ్లీ వేయించుకున్నవాళ్లలో చాలామంది సరదాకు వేయించుకోలేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరం నుంచి మొదలవ్వాలి, టీపీఎం 2.0 ఉండాలి, ర్యామ్ కనీసం 4 జీబీ ఉండాలి. మేనకోడలి యంత్రంలో ఉన్నది ఎనిమిదో తరం ఐ5. అంటే బొటాబొటిగా అర్హత ఉన్న సరుకు. కొత్త విండోస్‌ను మోయలేకపోతోందేమో అని ఎవరికైనా మొదట అనిపిస్తుంది.

కానీ కొత్తగా వేసిన విండోస్ మొదటి రోజు ఈడిగిలపడడం జబ్బు కాదు. ఎక్కగానే దానికి బోలెడు పనులుంటాయి. నెలల తరబడి పేరుకున్న అప్‌డేట్లు దింపుకోవాలి. డిఫెండర్ ప్రతి ఫైలునూ తడిమి చూడాలి. వెతుకులాట కోసం ఫైళ్ల సూచిక తయారు చేసుకోవాలి. డాట్‌నెట్ లైబ్రరీలను ఈ ప్రాసెసర్‌కు తగ్గట్టు ముందుగానే కంపైల్ చేసి పెట్టుకోవాలి. వన్‌డ్రైవ్ ఆన్ చేస్తే అక్కడున్న ఫైళ్లతో లెక్క సరిచూసుకోవడం మొదలవుతుంది. ఇవన్నీ తెర వెనక జరుగుతుంటే, తెర ముందు కూర్చున్న మనిషి బ్రౌజర్ తెరుచుకోవడం లేదని షాపువాణ్ని తిడుతుంటాడు. చార్జరు తగిలించి, స్లీప్‌లోకి పోకుండా సెట్ చేసి, ఒక రాత్రంతా వదిలెయ్యమని ఆయన సలహా. మర్నాడు కూడా అలాగే ఉంటే అప్పుడు అనుమానించాలి.

మేనకోడలు ఆ పనీ చేసింది. మర్నాడు కూడా అలాగే ఉంది.

ఇక రెండో అనుమానం హార్డ్ డిస్క్. దీని మీదా ఆయన ఈ శీర్షికలో విసుగొచ్చేదాకా రాశాడు కాబట్టి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఆ కాలపు ల్యాప్‌టాప్‌లలో తరచుగా కనిపించే హార్డ్ డిస్క్ నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన అక్షరం తల కిందికి రావడానికి సగటున అందులో సగం, తల ఆ వరుసకు జరగడానికి మరో పది పన్నెండు. చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కల్ని చదవాలంటే ఆ డిస్క్ సెకనుకు వంద కూడా చదవలేదు. మామూలు ఎస్‌ఎస్‌డీ అదే సెకనులో వేలకు వేలు చదువుతుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గడి నూరు శాతం దగ్గరే ఉండి కదలకపోతే ఎన్ని ఫార్మాట్లు కొట్టినా ఆ చుట్ల లెక్క మారదు. ఎస్‌ఎస్‌డీ వేయించుకోవడమే దారి. కానీ ఈ పిల్ల అన్న వెళ్తూ వెళ్తూ ఆ పుణ్యం కట్టుకునే వెళ్లాడు. ఆ అనుమానమూ పోయింది.

మూడోది డ్రైవర్లు. ఇక్కడ షాపులు చేసే ఘోరాలు కొన్నున్నాయి. గ్రాఫిక్స్ డ్రైవర్ పడకపోతే విండోస్ ఊరుకోదు, తన దగ్గరున్న బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్‌తో సర్దుకుంటుంది. బొమ్మ కనిపిస్తుంది కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. నిజానికి గ్రాఫిక్స్ చిప్ చేయాల్సిన చాకిరీ అంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. వీడియో పెడితే తడబడుతుంది, విండోను లాగితే వెనక తోక కనబడుతుంది. డివైస్ మేనేజర్ తెరిచి డిస్‌ప్లే దగ్గర ఏ పేరు ఉందో చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. తయారీ కంపెనీ సైటుకు వెళ్లి, అడుగున అంటించిన సీరియల్ నంబర్ కొట్టి, చిప్‌సెట్, గ్రాఫిక్స్, వైఫై డ్రైవర్లు దింపుకుంటే సరిపోతుంది. చాలావాటిని విండోస్ అప్‌డేటే వెతికి తెస్తుంది. అన్ని డ్రైవర్లనూ ఒక్క నొక్కుతో తెచ్చిపెడతామనే సాఫ్ట్‌వేర్లను మాత్రం ఆయన గడప తొక్కనివ్వడు. అవి తెచ్చే డ్రైవర్లు కొన్ని, వెంటబెట్టుకొచ్చే చుట్టాలు బోలెడు.

మేనకోడలు ఫోన్లో డివైస్ మేనేజర్ చదివి వినిపించింది. పసుపు రంగు గుర్తు ఒక్కటీ లేదు. గ్రాఫిక్స్ పేరు సరిగానే ఉంది. ఆ షాపు కుర్రాడు పని శుభ్రంగానే చేశాడు.

ఇక్కడ ఫోన్ పెట్టేశాక కాలమిస్టు మనసు గుంటూరు పోయింది. ఆయన రాసే కాలమ్ సగం దాకా వచ్చాక ఏదో ఒక ఊరు పోవడం పాఠకులకు అలవాటే.

విండోస్ ఎక్స్‌పీ రాజ్యమేలిన రోజులు. అరండల్‌పేటలో ఒక డీటీపీ సెంటర్. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ట్యూషన్ల ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడూ ఒక కవితా సంపుటి. అంతా పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంట్లతో. ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంట్ కూడా వచ్చేది. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు తలకెక్కదు కాబట్టి అక్కడ దాని మొహం చూసినవాళ్లు లేరు. డిగ్రీ అయిపోయి ఏం చేయాలో తెలియని కాలమిస్టు సాయంత్రాలు అక్కడ టైపు చేసేవాడు. కార్డుకు ఇంత అని లెక్క.

ఆ సెంటర్‌లో పెద్ద కంప్యూటర్ ఒకటుండేది. మాఘమాసం రాగానే అది మొరాయించేది. పేజీ తిప్పితే నిమిషం, ప్రింట్ ఇస్తే టీ తాగి రావచ్చు. మౌస్ బాణం కూడా ఆగి ఆగి నడిచేది. “వైరస్ పట్టింది తమ్ముడూ” అనేవాడు ఓనరు. ఆయనకు కంప్యూటర్ జబ్బులన్నీ ఒక్క వైరస్సే. షట్టర్ సగం దించి, మేకుకు తగిలించిన సంచిలోంచి సీడీలు తీసేవాడు. ఎక్స్‌పీ సీడీ, మదర్‌బోర్డు డ్రైవర్ల సీడీ, ప్రింటర్ సీడీ, అనూ సీడీ. ఎక్స్‌పీ కీ సీపీయూ డబ్బా పక్కన మార్కర్‌తో రాసి ఉండేది. తెల్లారేసరికి యంత్రం కొత్త పెళ్లికొడుకులా లేచి కూర్చునేది. పేజీలు టకటకా తిరిగేవి. ఓనరు మీసం మెలేసేవాడు. కొన్ని వారాలు గడిచాక మళ్లీ మొదటికే వచ్చేది. మళ్లీ సంచి, మళ్లీ షట్టర్.

ఒక సీజన్లో ఓనరు ఊళ్లో లేనప్పుడు యంత్రం పడకేసింది. వచ్చిన సర్వీసు కుర్రాడు సీడీల సంచి ముట్టుకోలేదు. డివైస్ మేనేజర్ తెరిచి, ప్రైమరీ ఐడీఈ చానెల్ మీద నొక్కి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఒక గడి చూపించాడు. ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర అల్ట్రా డీఎంఏ అని ఉండాల్సిన చోట పీఐఓ అని ఉంది.

డీఎంఏ మోడ్‌లో డిస్క్ నుంచి వచ్చే సరుకు ప్రాసెసర్‌ను ఇబ్బంది పెట్టకుండా నేరుగా మెమరీలోకి చేరుతుంది. పీఐఓలో ప్రతి ముక్కనూ ప్రాసెసర్ స్వయంగా మోసుకుపోవాలి. సెకనుకు 100 మెగాబైట్ల దాకా పోగలిగే దారి 16.6కు మించనివ్వదు, పైగా ప్రాసెసర్‌కు వేరే పని చేసే తీరిక ఉండదు. బాణం ఆగి ఆగి నడవడం అందుకే. మరి డీఎంఏ ఎందుకు పోయింది? డిస్క్‌తో మాట్లాడేటప్పుడు ఆరు తప్పులు దొర్లితే ఎక్స్‌పీ వేగాన్ని ఒక మెట్టు తగ్గించేది. మళ్లీ ఆరు తప్పులైతే మరో మెట్టు. అలా దిగుతూ దిగుతూ పీఐఓ దగ్గర కూలబడేది. దిగడమే కానీ తనంతట తాను ఎక్కడం తెలియదు. రీస్టార్ట్ చేసినా ఆ సంగతి రిజిస్ట్రీ అనే తన చిట్టాలో రాసుకునే ఉంటుంది.

తప్పులు ఎందుకు దొర్లుతున్నాయో కుర్రాడు డబ్బా విప్పి చూపించాడు. డిస్క్‌కు పోయే బల్లపరుపు కేబుల్ ఒక మూల నలిగిపోయి ఉంది. గుంటూరు ఎండలకు డబ్బా మూత తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టేవాళ్లు. దుమ్ము దులిపినప్పుడల్లా ఆ కేబుల్‌కు ఎవరిదో చెయ్యి తగిలేది. కేబుల్ మార్చాడు. డివైస్ మేనేజర్‌లో ఆ చానెల్‌ను తీసేసి రీస్టార్ట్ చేశాడు. ఎక్స్‌పీ దాన్ని కొత్తగా గుర్తించి, లెక్కలన్నీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఫైలొక్కటి పోలేదు.

ఫార్మాట్ ఎందుకు పనిచేసేదో కాలమిస్టుకు అప్పుడు బోధపడింది. అది రిజిస్ట్రీని తుడిచేది, దాంతో తప్పుల లెక్క సున్నాకు వచ్చేది. వైరస్సూ లేదు, పాడూ లేదు. ఓనరు వైద్యం నిజంగానే పనిచేసేది, కానీ ఆయన అనుకున్న కారణానికి కాదు. తెలుగునాట వీధివీధినా ఫార్మాట్‌కు అంత పలుకుబడి రావడానికి ఇలాంటి యంత్రాలు ఎన్ని కారణమో! ఊరి నుంచి వచ్చిన ఓనరుకు కథంతా చెబితే శ్రద్ధగా విన్నాడు. విని, “కేబుల్ మార్పించావు సరే, ఎందుకైనా మంచిది ఒక ఫార్మాట్ కూడా కొట్టెయ్ తమ్ముడూ” అన్నాడు.

ఆదివారం మేనకోడలు ల్యాప్‌టాప్ బ్యాగుతో సికింద్రాబాద్ వచ్చింది. భోజనాలయ్యాక కాలమిస్టు కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాడు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే పేజీని చూసే అలవాటు మన షాపుల్లో తక్కువ. మెమరీ 8 జీబీలో సగం ఖాళీ. డిస్క్ రెండు శాతం దగ్గర కునుకు తీస్తోంది. సీపీయూ మాత్రం నూరు శాతం. దాని కింద స్పీడ్ దగ్గర ఉన్న అంకె 0.79 గిగాహెర్ట్జ్.

ఆ ప్రాసెసర్ మూల వేగం 1.6 గిగాహెర్ట్జ్, ఊపు మీదుంటే 3.4 దాకా పోతుంది. పని లేనప్పుడు కరెంటు ఆదా కోసం అంకె కిందికి దిగడం మామూలే, అది చూసి కంగారు పడనక్కర్లేదు. నూరు శాతం పని నెత్తిన పెట్టుకుని కూడా 0.79 దాటకపోవడమే తేడా. దాన్నెవరో పట్టుకుని ఆపుతున్నారు.

వేడి కావచ్చు. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుని, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోతే ఏడెనిమిదేళ్ల ల్యాప్‌టాప్ ఇలాగే చేస్తుంది. కానీ వేడెక్కిన యంత్రం వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఫ్యాన్ గోల పెడుతుంది. ఇది చెయ్యి పెడితే చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. పవర్ ప్లాన్‌లో ఎవరైనా ప్రాసెసర్ హద్దు తగ్గించారా అంటే అక్కడా నూరు శాతమే ఉంది. ఇక ఏం తోచక కాలమిస్టు రీస్టార్ట్ చేశాడు. నల్ల తెర మీద తెల్లక్షరాలతో ఏదో సందేశం వచ్చింది. మేనకోడలి వేలు ఠక్కున ఎంటర్ మీద పడింది.

“ఏంటే అది?”

“రోజూ వచ్చేదే మామయ్యా. ఎంటర్ కొడితే పోతుంది.”

మళ్లీ రీస్టార్ట్ చేసి, ఆ వేలు పట్టుకుని, ఇద్దరూ కలిసి చదివారు. పవర్ అడాప్టర్ ఏ రకమో తెలియడం లేదు, బ్యాటరీ చార్జ్ కాకపోవచ్చు, ఉన్న కరెంటుకు తగ్గట్టు వేగం సర్దుకుంటాం అని అందులో ఉంది. ఇంతకంటే విప్పి చెప్పడం ఏ యంత్రానికీ చేతకాదు.

“బ్యాటరీ ఎక్కుతోందా?”

“లేదు, అది పోయి చాలా రోజులైంది. ప్లగ్‌లోనే వాడుతున్నా.”

అసలు చార్జరు తీగ మెడ దగ్గర తెగిపోతే నిరుడు ఫుట్‌పాత్ మీద మూడొందలకు కొన్నదట. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్ చార్జరు పిన్నులో నడిమధ్య సూది లాంటి మరో సన్నటి పిన్ను ఉంటుంది. దాంట్లోంచి కరెంటు రాదు, సమాచారం వస్తుంది. చార్జరులోని చిన్న చిప్ తానెవరో, ఎన్ని వాట్లు ఇవ్వగలదో ల్యాప్‌టాప్‌కు చెప్పుకుంటుంది. చౌక చార్జరులో ఆ చిప్ ఉండకపోవచ్చు. అసలు చార్జరులోనే ఆ సన్న పిన్ను వంగిపోయినా, లోపలి తీగ తెగినా ఫలితం అదే. వచ్చింది 65 వాట్లదో 45 వాట్లదో తెలియని ల్యాప్‌టాప్ ముందుజాగ్రత్తకు పోతుంది. బ్యాటరీకి చార్జింగ్ ఆపేస్తుంది, ప్రాసెసర్‌ను అట్టడుగు వేగానికి కట్టేస్తుంది. ఈ కట్టడి మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ దాకా పోయే ఒక సంకేతపు తీగ ద్వారా, విండోస్‌తో సంబంధం లేకుండా జరుగుతుంది. విండోస్ టెన్ ఉన్నా, లెవెన్ ఉన్నా, రేపు లైనక్స్ వేసినా అంతే.

ఆ కట్టడిని తెంచే సాఫ్ట్‌వేర్లున్నాయి, నెట్‌లో వాటి గురించి చెప్పేవాళ్లూ ఉన్నారు. పనిచేస్తాయి కూడా. కానీ వేడెక్కినప్పుడు చుట్టుపక్కల భాగాలు ప్రాసెసర్‌ను ఆగమని చెప్పేదీ ఆ తీగ మీదనే. పేరూ ఊరూ తెలియని చార్జరు పెట్టుకుని ఆ తీగను మూగబోయేలా చెయ్యడానికి ఆయన ఒప్పుకోలేదు.

సోమవారం పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లారు. సీటీసీ అంటేనే జనానికి తెలుస్తుంది. మెట్ల పక్క చిన్న కొట్లో కూర్చున్న మనిషి కథంతా వినలేదు. ల్యాప్‌టాప్ విప్పలేదు. గూట్లోంచి ఒక చార్జరు తీసి గుచ్చి, ఆన్ చేశాడు. తెల్లక్షరాలు రాలేదు. పోయిందనుకున్న బ్యాటరీ దగ్గర చిన్న దీపం వెలిగింది. టాస్క్ మేనేజర్‌లో అంకె మూడు దాటింది.

“చూసినందుకు ఎంతండీ?” అన్నాడు కాలమిస్టు.

“చూసినందుకు ఏం తీసుకుంటాం సార్? చార్జరు డబ్బులివ్వండి చాలు.”

బయటికొస్తూ ఆయన కొట్ల ముందున్న బోర్డులు చదివాడు. ఫార్మాట్‌కు ఇంత, ఎస్‌ఎస్‌డీకి ఇంత, కీబోర్డుకు ఇంత, స్క్రీన్‌కు ఇంత. జబ్బేమిటో చూసి చెప్పడానికి ఇంత అని ఏ బోర్డు మీదా లేదు. తప్పు చార్జరులో కాక ఇంకెక్కడైనా ఉండుంటే ఆ కొట్టు మనిషికి ఆ రోజు దక్కేది ఏమీ లేదు. గంటసేపు కూర్చుని చూసి “మీ యంత్రం బాగానే ఉందండీ” అని చెప్పిన మెకానిక్ చేతిలో మనం యాభై రూపాయలైనా పెట్టం. ఫార్మాట్ కొట్టి, ఏమీ మారకపోయినా, ఐదొందలడిగితే ఇస్తాం. హాస్టల్ పక్క కుర్రాడు మనం డబ్బిచ్చే పనే చేశాడు.

పైగా ఆ ఫార్మాట్ జరగకుండా ల్యాప్‌టాప్ ఆదివారం నేరుగా వచ్చుంటే ఏమయ్యేది? మధ్యాహ్నమంతా స్టార్టప్ జాబితాలో ఏమున్నాయి, రెండు యాంటీవైరస్‌లు ఉన్నాయా, బ్రౌజర్‌కు ఎన్ని తోకలు తగిలించారు అని వెతకడంతోనే సరిపోయేది. వాటిలో ఏదో ఒకటి దొరికేది కూడా, ఎందుకంటే పాత విండోస్‌లో ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది. అదే దొంగ అని తీర్మానించి, పిల్లను పంపించేసేవాళ్లు. కడిగిన పలకలా ఉన్న కొత్త విండోస్‌లో అనుమానించడానికి ఏమీ లేకపోబట్టే 0.79 అంకె అంత తొందరగా కళ్లబడింది. అరండల్‌పేట ఓనరు ఫార్మాట్లు కూడా ఆయనకు తెలియకుండానే ఒక సంగతి చెబుతూ వచ్చాయి: తుడిచాక బాగుపడి, కొన్ని వారాలకు మళ్లీ అదే తంతు అయితే లోపం డబ్బాలో ఎక్కడో ఉందని. కాబట్టి ఫార్మాట్ మీద ఇన్నేళ్లుగా సాగిన దండయాత్రను కాలమిస్టు ఇవాళ్టితో విరమిస్తున్నాడు. కొట్టించుకోండి. కొట్టించే ముందు సీపీయూ వేగం, డిస్క్ శాతం చూసి ఒక కాగితం మీద రాసుకోండి, అయ్యాక మళ్లీ చూడండి. అవే అంకెలుంటే విండోస్‌ను వదిలేసి చార్జరు, ఫ్యాన్, డిస్క్ వైపు తిరగండి. వైద్యంగా అది ఎంతవరకు పనికొస్తుందో కానీ, పరీక్షగా ఐదొందలకు దొరికే చౌక బేరమే.

తెలుగు ఫైళ్లున్నవాళ్లకు ఇంకో చిన్న పని మిగులుతుంది. విండోస్ కొత్తగా వేశాక గౌతమిలో టైపు చేసుకున్న పాత ఫైళ్లు వేరే ఫాంట్లో కనిపించి, పేజీలు అటూ ఇటూ అవుతాయి. గౌతమి ఇప్పుడు విండోస్‌తో పాటు రాదు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కు వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని వెతికి ఎక్కిస్తే గౌతమి, వాణి రెండూ వచ్చి కూర్చుంటాయి. మేనకోడలి ల్యాప్‌టాప్‌లో వాళ్ల తాతయ్య రాయించుకున్న జ్ఞాపకాల ఫైలొకటి ఉంది. మెట్రోలో తిరిగొస్తూ, ఫోన్ హాట్‌స్పాట్ మీదే దానికి ఆ ఫాంట్ ఎక్కించారు.

“అయితే నా ఐదొందలు దండగ కాలేదంటావా మామయ్యా?” అంది ఆ పిల్ల ల్యాప్‌టాప్ మూస్తూ.

“కాలేదు.”

“మరి ఆ మాట అమ్మకు నువ్వే చెప్పు.”